మాట వినే యంత్రం, ఊరు మరవని మనిషి

ఈ రోజుల్లో అక్షరం ముక్క రాని దాదీమా కూడా ఫోన్‌లో మైకు బొమ్మ మీద వేలు పెట్టి, తనకు కావలసింది నోటితో అడుగుతోంది. ఫోన్ ఆ మాటను అక్షరాలుగా మార్చి వెతికి పెడుతోంది. మనకిది మామూలు సంగతి అయిపోయింది. కానీ యంత్రం చేత మనిషి మాటను వినిపించాలని కొందరు యాభై అరవై ఏళ్ళు పాటుపడితే గాని ఇది సాధ్యం కాలేదు. ఆ పాటుపడినవారిలో ముందు వరుసలో నిలిచినవారు మన చిత్తూరు జిల్లా పల్లెటూరిలో పుట్టిన డాక్టర్ రాజ్ రెడ్డి గారు.

సొసైటీ సంచికకు వ్యాసం రాయమన్నప్పుడు మేము ఈ విషయాన్నే ఎంచుకోవడానికి కారణం ఉంది. బడిలో మమ్మల్ని కలిసే తల్లిదండ్రులు, ఫీజులకు సాయం చేసే దాతలు ఈ మధ్య ఒకే రెండు ప్రశ్నలు అడుగుతున్నారు. కృత్రిమ మేధ వచ్చాక పిల్లలకు ఉద్యోగాలు మిగులుతాయా? మిగిలేటట్లయితే ఏ చదువు మీద డబ్బు పెట్టాలి? ఉపన్యాసం చెప్పడం కన్నా ఒక మనిషి జీవితాన్ని ముందుంచడం మేలని మాకు తోచింది.

కాటూరు నుంచి స్టాన్‌ఫర్డ్ దాకా

ఆయన పూర్తి పేరు దబ్బల రాజగోపాల్ రెడ్డి. 1937 జూన్ 13న, అప్పటి మద్రాసు ప్రెసిడెన్సీలోని చిత్తూరు జిల్లా కాటూరులో పుట్టారు. తండ్రి వ్యవసాయదారు, తల్లి గృహిణి. వారి కుటుంబంలో కాలేజీ గడప తొక్కిన మొదటి మనిషి ఆయనే. ఈ ఒక్క వాక్యాన్ని దాతలు గుర్తుంచుకోవాలని మనవి. చివర్లో మళ్ళీ దీని దగ్గరకే వస్తాం.

1958లో మద్రాసులోని గిండీ ఇంజనీరింగ్ కాలేజీలో సివిల్ ఇంజనీరింగ్ డిగ్రీ తీసుకున్నారు. అంటే ఆయన మొదట చదివింది వంతెనలు, కట్టడాల చదువు. కంప్యూటర్ చదువు అప్పటికి మన దేశపు కాలేజీల్లో లేనేలేదు. తర్వాత ఆస్ట్రేలియా వెళ్ళి న్యూ సౌత్ వేల్స్ విశ్వవిద్యాలయంలో 1960లో ఎం.టెక్. పూర్తి చేశారు. ఆ దేశంలోనే ఐబీఎం కంపెనీలో ఉద్యోగం చేశారు. మంచి జీతం, మంచి కంపెనీ. అయినా దాన్ని వదిలి మళ్ళీ విద్యార్థిగా అమెరికాలోని స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయంలో చేరారు.

అక్కడ ఆయనకు దొరికిన గురువు జాన్ మెకార్తీ. 'ఆర్టిఫిషియల్ ఇంటెలిజెన్స్' అన్న పేరును ఈ శాస్త్రానికి పెట్టినది ఆయనే. ఆయన దగ్గర రాజ్ రెడ్డి ఎంచుకున్న సమస్య వినడానికి చిన్నది, చేయడానికి కొండంతది. మనిషి మాట్లాడితే యంత్రానికి అర్థం కావాలి. 1966లో దీని మీదనే డాక్టరేట్ పొందారు. మూడేళ్ళు స్టాన్‌ఫర్డ్‌లోనే పాఠం చెప్పి, 1969లో పిట్స్‌బర్గ్ నగరంలోని కార్నెగీ మెలన్ విశ్వవిద్యాలయానికి వెళ్ళారు. ఇక జీవితమంతా ఆ విశ్వవిద్యాలయంతోనే ముడిపడి ఉంది.

మాటను వినడం అంత కష్టమా?

రెండేళ్ళ పసిబిడ్డ చేసే పనిని యంత్రం చేత చేయించడానికి ఇంత శ్రమ ఎందుకని ఎవరైనా అడగవచ్చు. మన తెలుగుతోనే చెప్పుకుందాం.

పుస్తకంలో మాటకూ మాటకూ మధ్య ఖాళీ ఉంటుంది. నోటి మాటలో ఉండదు. 'అక్కడ ఉన్నాడు' అని రాస్తాం, 'అక్కడున్నాడు' అని పలుకుతాం. యంత్రానికి చేరేది ఒకే ధ్వని ప్రవాహం. ఒక మాట ఎక్కడ ముగిసింది, రెండోది ఎక్కడ మొదలైంది అన్నది దానికి తెలియదు. రెండో చిక్కు ఏమిటంటే, చాలామంది 'ళ'ను 'ల'గా పలుకుతారు. 'రాత్రి కల వచ్చింది', 'ముఖంలో కళ వచ్చింది' అన్న రెండు వాక్యాల్లో ఆ మాట చెవికి ఒకేలా వినబడవచ్చు. ఏది కల, ఏది కళ అన్నది మనం చుట్టూ ఉన్న మాటలను బట్టి పట్టుకుంటాం. మూడోది, ఒకే మాటను ఆడ, మగ, పిల్ల, ముసలి, శ్రీకాకుళం మనిషి, నిజామాబాద్ మనిషి వేర్వేరుగా పలుకుతారు.

కాబట్టి వినడం అంటే చెవి పని ఒక్కటే కాదు. ధ్వని తెలియాలి, పదాలు తెలియాలి, వ్యాకరణం తెలియాలి, సందర్భం తెలియాలి. ఈ నాలుగు తెలివిడులూ కలిసి పనిచేయాలి.

రాజ్ రెడ్డి గారి బృందం 1970లలో 'హియర్‌సే' అనే పేరుతో కట్టిన యంత్ర వ్యవస్థల ఆలోచన ఇదే. మొదటి హియర్‌సేతో చదరంగం ఆడేవారు. ఎత్తును నోటితో చెబితే యంత్రం విని ఆడేది. చదరంగాన్నే తీసుకోవడంలో ఒక తెలివి ఉంది. బల్ల మీద ఆ క్షణంలో ఏ ఎత్తులు సాధ్యమో యంత్రానికి తెలుసు కనుక, సగం వినబడిన మాటను కూడా సరిగ్గా ఊహించగలదు.

రెండో హియర్‌సేలో వాడిన పద్ధతికి 'బ్లాక్‌బోర్డ్' అనే పేరు వచ్చింది. టీచర్లం కనుక మాకు ఈ పేరు ఎంతో ఇష్టం. ఒక పాత ఉత్తరం తడిసి సిరా చెదిరిపోయిందనుకోండి. స్టాఫ్ రూములో నలుగురు టీచర్లు దాన్ని చదవాలి. ఒకరికి చేతిరాతలు బాగా తెలుసు, ఒకరికి వ్యాకరణం తెలుసు, ఒకరికి ఆ కుటుంబం సంగతులు తెలుసు. ఎవరికి తోచింది వారు నల్లబల్ల మీద రాస్తారు. ఒకరు రాసినది చూసి మరొకరికి కొత్త ఊహ వస్తుంది, తప్పు ఊహ చెరిగిపోతుంది. చివరికి ఉత్తరం మొత్తం తెలిసిపోతుంది. హియర్‌సేలో ధ్వనికి ఒక భాగం, పదానికి ఒక భాగం, వాక్యానికి ఒక భాగం ఇలాగే ఒక ఉమ్మడి బల్ల మీద పనిచేసేవి. ఆ తర్వాత ఈ పద్ధతిని మాటతో సంబంధం లేని ఎన్నో సమస్యలకు కూడా వాడుకున్నారు.

శిష్యులను నిలబెట్టిన గురువు

ఇక్కడ మాకు బాగా నచ్చిన విషయం ఒకటుంది. రాజ్ రెడ్డి గారు తన పద్ధతి ఒక్కటే సరైనదని పట్టుపట్టలేదు. ఒకే ప్రయోగశాలలో ఒకదానితో ఒకటి పోటీ పడే పద్ధతులను సాగనిచ్చారు.

జేమ్స్ బేకర్ అనే విద్యార్థి గణాంకాల దారి పట్టాడు. ఏ ధ్వని తర్వాత ఏ ధ్వని ఎన్నిసార్లు వస్తుందో ఉదాహరణల నుంచి లెక్కగట్టే పద్ధతి అది. 1975 నాటి ఆ వ్యవస్థ పేరు 'డ్రాగన్'. తర్వాత ఆయన తన భార్యతో కలిసి అదే పేరుతో కంపెనీ పెట్టారు. బ్రూస్ లోవర్ అనే మరో విద్యార్థి రెండు దారుల్లోని మంచిని కలిపి 1976లో 'హార్పీ' తయారు చేశాడు. తెలియని ఊరికి పది దారులు కనబడితే పదింటిలోనూ చివరిదాకా నడవం. కొంత దూరం పోయి, పనికిరావని తోచిన వాటిని వదిలి, ఆశ ఉన్న కొన్నింటినే పట్టుకుంటాం. హార్పీ చేసింది అదే. వెయ్యి మాటల నిఘంటువుతో, అమెరికా రక్షణ పరిశోధన సంస్థ ఆ ప్రాజెక్టుకు పెట్టిన లక్ష్యాన్ని అది అందుకుంది.

అప్పటికీ ఒక లోటు ఉంది. ప్రతి కొత్త మనిషి గొంతుకూ యంత్రాన్ని అలవాటు చేయాలి. 1988లో కై ఫు లీ అనే విద్యార్థి తయారు చేసిన 'స్ఫింక్స్' ఆ అడ్డును దాటింది. ఎవరు మాట్లాడినా, ఆగి ఆగి కాకుండా ధారాళంగా మాట్లాడినా అది వినగలిగింది. ఈ కుర్రవాడు గురువు నమ్మిన దారిని కాక గణాంకాల దారినే ఎంచుకున్నాడు. గురువు అభ్యంతరం చెప్పలేదు సరికదా, వెన్నుదన్నుగా నిలిచారు. 'నాతో ఏకీభవించకపోయినా నీకు సాయం చేస్తాను' అనగలిగిన గురువులు ఎందరుంటారు? కాలం ఆ శిష్యుడి దారినే బలపరిచింది. ఈనాటి ఫోన్లలో ఉన్నవి ఇంకా ముందుకు వెళ్ళిన పద్ధతులు, వేల గంటల మాటలు విని నేర్చుకునేవి. కానీ ఉదాహరణల నుంచి నేర్చుకోవాలన్న మూలసూత్రం అదే.

1979లో కార్నెగీ మెలన్‌లో రోబోటిక్స్ ఇన్‌స్టిట్యూట్ ప్రారంభమైతే, దానికి తొలి డైరెక్టరుగా 1991 వరకు ఉన్నారు. ఆ సంస్థలో పుట్టిన ఒక వాహనం 1995లో అమెరికా ఖండాన్ని ఈ కొస నుంచి ఆ కొసకు దాటింది. దారిలో నూటికి తొంభై ఎనిమిది పాళ్ళు స్టీరింగ్ తిప్పింది యంత్రమే. 1991 నుంచి 1999 దాకా ఆయన కంప్యూటర్ సైన్స్ స్కూలుకు డీన్. 1994లో ఎడ్వర్డ్ ఫైగెన్‌బామ్‌తో కలిసి ట్యూరింగ్ అవార్డు అందుకున్నారు. కంప్యూటర్ శాస్త్రానికి ఇది నోబెల్ వంటిది. ఆసియా నుంచి దాన్ని అందుకున్న మొదటి వ్యక్తి ఈయనే. 2001లో మన ప్రభుత్వం పద్మభూషణ్ ఇచ్చింది.

ప్రయోగశాల బయట

ఇంట గెలిచి రచ్చ గెలవమంటారు పెద్దలు. ఈయన రచ్చ గెలిచి ఇంటి వైపు చూశారు. సెలవుల్లో కొందరు పడవలెక్కుతారు, కొందరు గోల్ఫ్ ఆడతారు. ఈయన తీరిక సమయమంతా ఒకే ప్రశ్న చుట్టూ తిరిగిందని చెప్పవచ్చు. చదువు, డబ్బు లేనివారికి ఈ యంత్రం ఏ విధంగా పనికొస్తుంది?

1980ల మొదట్లో పారిస్‌లో ఫ్రాన్స్ ప్రభుత్వం ఒక ప్రపంచ కంప్యూటర్ కేంద్రాన్ని పెట్టింది. పేద దేశాల ప్రజలకు కంప్యూటర్‌ను దగ్గర చేయడం దాని ఉద్దేశం. రాజ్ రెడ్డి గారు దాని ముఖ్య శాస్త్రవేత్త. ఆఫ్రికాలోని సెనెగల్ బడుల్లో పిల్లలకు కంప్యూటర్ నేర్పే ప్రయత్నం కూడా ఆ కేంద్రం నుంచి జరిగింది. 1984లో ఫ్రాన్స్ అధ్యక్షుడు మిత్తరాఁ ఆయనకు 'లీజియన్ ఆఫ్ ఆనర్' పతకం ఇచ్చారు. కేంద్రం మాత్రం కొన్నేళ్ళకే మూతబడింది. యంత్రాలు పంపినంత మాత్రాన చదువు రాదు. దాని పక్కన నిలబడి నేర్పే మనిషి కావాలి, ఏళ్ళ తరబడి సాగే ఖర్చు కావాలి. మేము ఈ సంగతిని మా బడుల మూలన దుమ్ము పట్టిన కంప్యూటర్ల దగ్గర రోజూ చూస్తూనే ఉన్నాం.

ఆయన రెండో కల పుస్తకాలది. పది లక్షల పుస్తకాలను స్కాన్ చేసి, ఎవరైనా ఎక్కడ నుంచైనా ఉచితంగా చదువుకునేలా పెట్టాలన్నది ఆ పథకం. కార్నెగీ మెలన్‌తో పాటు చైనాలోని జెజియాంగ్ విశ్వవిద్యాలయం, మన దేశంలోని బెంగళూరు ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ సైన్స్, హైదరాబాద్ ట్రిపుల్ ఐటీ, ఈజిప్టులోని అలెగ్జాండ్రియా గ్రంథాలయం ఇందులో చేతులు కలిపాయి. మన దేశంలో ఈ పనికి అప్పటి రాష్ట్రపతి ఏ.పి.జె. అబ్దుల్ కలామ్ గారి ప్రోత్సాహం ఉంది. 2007 నవంబరు నాటికి లెక్క పదిహేను లక్షలు దాటింది. అందులో చైనా భాషవి 9,70,000, ఇంగ్లీషువి 3,60,000. వాటి తర్వాత చెప్పుకున్న రెండు అంకెలు మన చదువరులకు ప్రత్యేకమైనవి. తెలుగు పుస్తకాలు 50,000, అరబ్బీ పుస్తకాలు 40,000. చెదలు పట్టే బీరువాల్లోని మన తెలుగు పుస్తకాలు అలెగ్జాండ్రియాలోని అరబ్బీ గ్రంథాలతో ఒకే అలమరలోకి చేరాయి.

ఇది వింత కాదు. కంప్యూటర్ పనిచేసే తీరుకు పెట్టిన 'అల్గారిదమ్' అన్న పేరే తొమ్మిదో శతాబ్దంలో బాగ్దాదులో పనిచేసిన గణిత పండితుడు అల్ ఖ్వారిజ్మీ పేరు నుంచి వచ్చింది. ఇల్మ్ ఏ ఒక్క జాతి సొత్తూ కాదు, చేతులు మారుతూ పెరుగుతుంది. రాజ్ రెడ్డి గారు కార్నెగీ మెలన్‌లో నిర్వహించిన ఆచార్య పదవి ఖతర్‌కు చెందిన షేఖా మోజా బింత్ నాసిర్ పేరు మీద ఉన్నది. ఆ విశ్వవిద్యాలయం 2004 నుంచి దోహాలో శాఖ నడుపుతోంది. ఒక దాత పేరు మీద ఏర్పడే ఆచార్య పదవి తరాల పాటు చదువు చెబుతూనే ఉంటుంది. సదఖా ఎ జారియా అన్న మాటకు అర్థం తెలిసిన మన దాతలకు ఇంతకన్నా వివరించనక్కర లేదు.

మూడోది, మన నేల మీది పని. 1998లో మొదలైన హైదరాబాద్ ట్రిపుల్ ఐటీకి ఆయన చాలా కాలం పాలక మండలి అధ్యక్షులుగా ఉన్నారు. భారతీయ భాషలను యంత్రానికి నేర్పే పరిశోధనకు ఆ సంస్థ పేరుపొందింది. 2008లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో రాజీవ్ గాంధీ వైజ్ఞానిక సాంకేతిక విశ్వవిద్యాలయం ఏర్పడినప్పుడు తొలి కులపతి ఆయనే. బాసర, నూజివీడు, ఇడుపులపాయల్లో దాని ప్రాంగణాలు వచ్చాయి. జనం నోట ఇవే 'ట్రిపుల్ ఐటీలు'. పల్లెటూరి బడిలో పదో తరగతి బాగా చదివిన పిల్లవాడికి నగరపు కోచింగ్ లేకపోయినా ఇంజనీరింగ్ చదువు అందాలన్నది వీటి ఆశయం. ప్రవేశం పదో తరగతి మార్కుల మీద. ప్రభుత్వ బడుల పిల్లలకు కొంత అదనపు లెక్క. రెండేళ్ళు ఇంటర్ స్థాయి, నాలుగేళ్ళు బీటెక్, ఆరేళ్ళూ హాస్టల్‌లో ఉండి చదవడం.

అక్కడ అంతా సవ్యంగా ఉందని చెప్పడం లేదు. 2022లో బాసర విద్యార్థులు వసతుల కోసం రోజుల తరబడి ఎండావానల్లో కూర్చుని ఆందోళన చేశారు. సంస్థను స్థాపించడం ఒక ఎత్తు, ఏటా నిలబెట్టుకోవడం ఇంకో ఎత్తు. అయినా పదో తరగతి ఫలితాలు రాగానే, 'సార్, మా అమ్మాయికి ట్రిపుల్ ఐటీ వస్తుందా?' అని కూలి పనికి పోయే తండ్రి అడుగుతున్నాడంటే, ఆ ప్రశ్న వేసే ధైర్యం ఇచ్చింది ఆ పథకమే.

మన పిల్లల సంగతి

ఇప్పుడు మొదటి ప్రశ్న దగ్గరకు వద్దాం. ఉద్యోగాలు మిగులుతాయా? కొన్ని పోతాయి, కొన్ని మారతాయి. అది దాచనక్కర లేదు. చెప్పింది చెప్పినట్టు కాపీ చేసే పని యంత్రానికి సులువు. సమస్యను చూసి ప్రశ్న అడగగలగడం, లెక్కను అర్థం చేసుకోవడం, తన భాషలో స్పష్టంగా చెప్పగలగడం, ఇవి ఉన్నవాడికి యంత్రం పనిముట్టు అవుతుంది. సివిల్ ఇంజనీరింగ్ చదివిన కుర్రవాడు కృత్రిమ మేధలో ఆచార్యుడయ్యాడంటే, కాలేజీ బోర్డు మీద ఉన్న కోర్సు పేరు కాదు ఆయనను నడిపింది. గట్టి గణితం, నేర్చుకోవడం ఆపకపోవడం ఆయనను నడిపాయి.

ఇంకో సంగతి. యంత్రం విన్న మాటలనే నేర్చుకుంటుంది. నగరపు తెలుగు ఎక్కువ వింటే అదే దానికి బాగా వస్తుంది. మన గల్లీలో దక్కనీ ఉర్దూ, తెలుగు కలిపి మాట్లాడే తల్లి మాట దానికి తడబాటుగా అందుతుంది. ఈ లోటును దిద్దేది ఎవరు? ఆ తల్లి మాటను పుట్టినప్పటి నుంచి విన్న పిల్లలే. మన ఇళ్ళ నుంచి ఈ రంగంలోకి పిల్లలు వెళ్ళకపోతే, మన మాట ఆ యంత్రానికి పరాయిదిగానే ఉండిపోతుంది. కనుక ఇది ఒక్క జీతం సంగతి కాదు.

ఇక రెండో ప్రశ్న, డబ్బు ఎక్కడ పెట్టాలి? ముప్ఫై ఏళ్ళ దగ్గరగా పాఠం చెప్పిన అనుభవంతో మేము చెప్పగలిగేవి కొన్నే.

ఇంట్లో మొదటిసారి కాలేజీకి వెళ్ళే బిడ్డను ముందు చూడండి. ఆ బిడ్డ ఒక్కరు దాటితే వెనుక తమ్ముళ్ళు, చెల్లెళ్ళు, పక్కింటి పిల్లలు దాటుతారు. కాటూరు సంగతి మొదట చెప్పింది ఇందుకే.

సాయం పదో తరగతి తర్వాత కాదు, ఎనిమిదో తరగతిలో మొదలు కావాలి. పదిలో మార్కులు తక్కువ వచ్చాక ఎంత ఫీజు కట్టినా ఆ తలుపు తెరుచుకోదు. సాయంత్రం పూట లెక్కలు, సైన్సు చెప్పే ఒక మంచి టీచరుకు ఏడాది జీతం ఇవ్వడం, ఒక కంప్యూటర్ కొనివ్వడం కన్నా ఎక్కువ ఫలితమిస్తుంది.

సీటు వచ్చాక కూడా చేయి వదలకండి. దరఖాస్తు తేదీ, కౌన్సెలింగ్‌కు ప్రయాణం, సర్టిఫికెట్లు, హాస్టల్‌లో మొదటి నెల ఖర్చు, ఇలాంటి చిన్న చిన్న వాటి దగ్గరే సీట్లు జారిపోతుంటాయి. ముఖ్యంగా ఆడపిల్లల విషయంలో, 'అంత దూరం ఎలా పంపను?' అన్నది తండ్రి భయమే గాని మొండితనం కాదు. ఇదివరకే అక్కడ చదివిన అమ్మాయిని, ఆమె తల్లిని తీసుకొచ్చి ఆ ఇంట్లో కూర్చోబెట్టి మాట్లాడిస్తే, పదివేల రూపాయల చెక్కు చేయలేని పని జరుగుతుంది.

చివరిగా, ఇలా పైకి వచ్చిన పిల్లల పేర్లు, ఫోన్ నంబర్లు సొసైటీ దగ్గర భద్రంగా ఉంచుకోవాలి. వారిలో ప్రతి ఒక్కరి మీద ఇద్దరు చిన్నపిల్లల బాధ్యత పెట్టాలి. డబ్బే ఇవ్వనక్కర లేదు, నెలకో గంట ఫోన్‌లో మాట్లాడినా చాలు. రాజ్ రెడ్డి గారు తన శిష్యులకు ఇచ్చిన దానిలో పెద్దది సమయం, నమ్మకం. ఆ రెండూ మన దగ్గర కూడా ఉన్నాయి.

ఈ ఏడాది మన చుట్టుపక్కల ఎనిమిదో తరగతి చదివే పిల్లల జాబితా ఒకటి తయారు చేద్దాం. పేరు పక్కన ఇంట్లో ఎవరెంత చదివారో రాద్దాం. ఎక్కడ 'ఎవరూ లేరు' అని ఉంటుందో, అక్కడ నుంచి పని మొదలుపెడదాం.